నీలం గొట్టం అవతలివైపు

ఆ రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరి కారు స్టార్ట్ చేయబోతుంటే, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి బానెట్ మీద చరిచాడు.

“మేడం, బండి తియ్యకుండ్రి. కింద కుక్కపిల్ల ఉన్నది.”

మణికొండలో మా సెల్లార్ గట్టి వాన పడితే చెరువే. మోటారు పెట్టి నీళ్లు తోడుతున్నారు. దిగి వంగి చూస్తే, ముందు టైరు వెనక సందులో, తడిసిన మసిగుడ్డలా ఒక పిల్ల. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి మాత్రం నలుపు. పక్కన కడుతున్న బిల్డింగు పునాది గోతిలో ఒక వీధికుక్క ఈనిందట. నీళ్లు నిండుతుంటే తల్లి మిగతా పిల్లల్ని నోట కరుచుకుని ఎటో పోయిందట. ఇది మిగిలిపోయింది. తల్లి తిరిగొస్తుందేమోనని అట్టపెట్టెలో పెట్టి మెట్ల దగ్గర ఉంచాం. రాలేదు. మర్నాడు సాయంత్రానికి ఆ పెట్టె మా ఇంట్లోకి వచ్చింది.

ఇంట్లో ముగ్గురం. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మా ఆయన ప్రభుత్వ శాఖలో ఇంజనీరు. మా అత్తగారిది తణుకు వైపు. మామగారు పోయాక మా దగ్గరకొచ్చేశారు, వచ్చిన మర్నాటి నుంచీ వంటిల్లు ఆవిడదే. కుక్కపిల్లని చూసి ఆవిడ ఒక్క మాటే అన్నారు.

“బాల్కనీలో పెట్టుకుంటారో, నెత్తిన పెట్టుకుంటారో మీ ఇష్టం. వంటింటి గడప మాత్రం తొక్కకూడదు.”

పేర్లు చాలా అనుకున్నాం. ఏదీ కుదరలేదు. ‘పిల్ల’ అన్న పిలుపే నిలిచిపోయింది.

పిల్ల పెరిగిన కొద్దీ ఇల్లు తరిగింది. ముందు నా ఆఫీసు చెప్పులు పోయాయి, తర్వాత మా ఆయన ల్యాప్‌టాప్ చార్జరు, ఆ తర్వాత అత్తగారు పూసలతో అల్లుకున్న గుమ్మం తోరణం. సోఫా మీంచి డైనింగ్ టేబుల్ మీదికీ, అక్కణ్ణుంచి కిటికీ గట్టు మీదికీ దూకేది. పొద్దునా సాయంత్రం నడిపించుకొస్తే ఆ నడక దానికి ఒక మూలకి కూడా చాలేది కాదు. టీకాలకి తీసుకెళ్లినప్పుడు పశువుల డాక్టరు ముందు నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన వింటూనే దాని పళ్లు చూశాడు, కాళ్లు మడిచి చాచి చూశాడు.

“ఇది అల్లరి కాదండి. దీనికి పని లేదు, అంతే. ఒంటికి పని చెప్పండి, బుర్రకి అంతకన్నా ఎక్కువ చెప్పండి,” అన్నాడు. తెల్లాపూర్‌లో ఒక ఖాళీ ప్లాటులో ఆదివారాలు కుక్కలకి అజిలిటీ నేర్పిస్తారని కూడా చెప్పాడు. అడ్డు కర్రల మీంచి దూకడం, గొట్టంలోంచి దూరి రావడం, సన్నటి పలక మీద నడవడం, అన్నీ ఒక వరసలో, పక్కన యజమాని పరిగెడుతుండగా.

“కుక్కకి ట్యూషనా?” అన్నారు మా ఆయన.

“సర్కస్ కాబోలు,” అన్నారు అత్తగారు, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

తెల్లాపూర్‌లో ఆ ప్లాటు పెద్ద పెద్ద టవర్ల మధ్య మిగిలిపోయిన జాగా. చుట్టూ ఇనప వల, లోపల ఎర్రమట్టి మీద గడ్డి. నేర్పించే అమ్మాయిది నిజామాబాద్ వైపు. నాకంటే చిన్నది. తనూ కొన్నేళ్లు గచ్చిబౌలిలో మాలాగే కంప్యూటర్ ముందు కూర్చుని, విసుగొచ్చి మానేసి ఈ పనిలోకి వచ్చిందట. తలకి టోపీ, నడుముకి ఉడికించిన చికెన్ ముక్కల సంచీ.

మొదటి ఆదివారం నేను ఏదో ఊహించుకుని వెళ్లాను. పిల్ల గాల్లోకి ఎగిరి అడ్డు కర్రలు దాటుతున్నట్టు ఫోటో తీసి అత్తగారికి చూపించాలని. తీరా చూస్తే ఆ అమ్మాయి ప్లాస్టిక్ పైపులు తెచ్చి నేల మీద పడుకోబెట్టింది.

“దీని మీంచి నడిపియ్యండ్రి అక్కా.”

“దూకించరా?”

“ఇప్పుడే ఏం దూకుతది? ఇంకా ఎముకలు ముదరలే. పెరిగే పిల్లను ఎత్తుల మీంచి దూకిస్తే కీళ్లు ఖరాబ్ అయితయ్. ఏడాది దాటినంక డాక్టరుకు చూపిచ్చి, అప్పుడు పెంచుదం. గప్పటిదాంక కాళ్లు యాడ పెడుతున్నదో దానికి ఎరుక గావాలె. ముందు కాళ్ల సంగతి కుక్కలకు తెలుసు. ఎనక కాళ్లున్నయన్న సంగతే తెల్వదు.”

నాకు నవ్వొచ్చింది గానీ నిజమే. పిల్ల ముందు కాళ్లు పైపు దాటేవి, వెనక కాళ్లు దాన్ని తన్నుకుంటూ వచ్చేవి. ఇంట్లో చేయించడానికి మాకు పనులిచ్చింది. బోర్లించిన ప్లాస్టిక్ టబ్బు మీద ముందు కాళ్లు పెట్టించి, వెనక కాళ్లతో చుట్టూ తిరిగేలా చేయడం. చీపురు కర్రలు వరసగా పడేసి మధ్యలో నడిపించడం. నా అరచేతిని ముక్కుతో తాకితే ముక్క ఇవ్వడం. ఆఫీసుకి వెళ్లే ముందు టెర్రస్ మీద, ఎండ ఎక్కకముందే, ఇవన్నీ చేసేవాళ్లం. వింతేమిటంటే, బుర్ర అలిసిన పిల్ల చార్జర్ల జోలికి పోవడం తగ్గించింది.

తెల్లాపూర్‌లో మాత్రం ఒకచోట బండి ఆగిపోయింది. నీలం రంగు నైలాన్ గుడ్డతో చేసిన గొట్టం అది. లోపల స్ప్రింగులాంటి తీగ ఉంటుంది, నొక్కితే ముడుచుకుంటుంది, లాగితే మనిషి పడుకున్నదానికంటే చాలా పొడుగవుతుంది. మొదట దాన్ని చక్రమంత ముడిచి పెడితే పిల్ల సునాయాసంగా దాటేసింది. ఇంకాస్త లాగితే దాటింది. పూర్తిగా లాగి, కొంచెం వంపు తిప్పి, అవతలి వెలుగు కనబడకుండా చేసేసరికి, సగం దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చేసేది. తోక కాళ్ల మధ్యకి వచ్చేది. ఒక్కోసారి లోపలే కూర్చుండిపోయేది.

నేను అవతలి చివర మోకాళ్ల మీద కూర్చుని పిలిచేదాన్ని. “పిల్లా, రామ్మా, రా రా రా, ఇదిగో చూడు, చికెన్ చూడు, ఏం లేదు లోపల, భయమెందుకు, రా తల్లీ, అయ్యో మళ్లీ వెనక్కెందుకూ...”

“అక్కా, మీరు క్రికెట్ కామెంటరీ చెప్తున్నరు,” అంది ఆ అమ్మాయి ఒకసారి. నేను నవ్వేసి మళ్లీ మొదలుపెట్టాను. వారాలు గడిచాయి. మాతో చేరిన లాబ్రడార్ గొట్టంలోంచి రైలులా దూసుకొచ్చేది. పొట్టి కాళ్ల బీగిల్ కూడా దాటేసింది. మా పిల్ల కోసం గొట్టాన్ని మళ్లీ ముడిచి మొదటికి రావలసి వచ్చేది. కారులో తిరిగొస్తూ మా ఆయన, “పోనీ, దానికి ఇష్టం లేదేమో. మానేద్దాం,” అన్నారు. నాకూ ఒక్కోసారి అలాగే అనిపించింది. సెల్లార్‌లో నీళ్లలో ఆ ఇరుకులో ఉండిపోయిందే, అది గుర్తుందేమో దానికి, ఎవరికి తెలుసు?

ఆ చలికాలంలోనే నా గొంతు పోయింది.

ముందు నుంచీ బొంగురుగానే ఉంది. పొద్దున టీమ్‌తో కాల్, మధ్యాహ్నం క్లయింటుతో, సాయంత్రం ఇంకో దేశం వాళ్లతో. మధ్యలో ఎవరి సమస్య వచ్చినా నేనే విడమరిచి చెప్పేదాన్ని. ఆదివారం గొట్టం ముందు కేకలు. ఒక సోమవారం మీటింగులో అందరికీ గుడ్ మార్నింగ్ చెబుదామని నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ప్రయత్నించాను. కీచుమని ఏదో ఒక చప్పుడు. కాల్‌లో అందరూ నెట్‌వర్క్ బాలేదనుకున్నారు.

గొంతు డాక్టరు ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, నా స్వరతంతువుల్ని నాకే తెర మీద చూపించింది. వాటి అంచుల మీద చిన్న బొడిపెలు. టీచర్లకీ, ఎక్కువ మాట్లాడేవాళ్లకీ వస్తుంటాయట.

“కొన్నాళ్లు మాట్లాడొద్దు. ఒక్క మాట కూడా. గుసగుసలు అసలే వద్దు, దానికీ గొంతు బిగుసుకుంటుంది. మౌనంతో తగ్గితే ఆపరేషన్ జోలికి వెళ్లక్కర్లేదు,” అంది.

ఇంటికొచ్చి ఫోన్‌లో టైపు చేసి మా ఆయనకి చూపించాను. ఆయన చదివి, “అయ్యో,” అన్నారు, తర్వాత ఆయన కూడా ఎందుకో సైగలు చేయడం మొదలుపెట్టారు. “నీకు వినిపిస్తుందిగా, నేనెందుకు చేస్తున్నాను?” అని కాసేపటికి ఆయనే నవ్వుకున్నారు. రెండోరోజు అత్తగారు తణుకులో ఉన్న వాళ్ల చెల్లెలితో ఫోన్‌లో అంటుండగా నాకు వినబడింది: “పాపం, కోడలికి గొంతు పోయిందే. ఏవైనా చెప్పు, ఇల్లు మాత్రం నిమ్మళంగా ఉంది.” నాకు నవ్వొచ్చింది. కాస్త గుచ్చుకుంది కూడా.

ఇంటి నుంచే పని. కాల్స్‌లో వింటూ, చెప్పాల్సింది టైపు చేసేదాన్ని. నేను టైపు చేసేలోపు మాట ముందుకెళ్లిపోయేది. ఎప్పుడూ మైకు తెరవని ఒక కుర్ర ఇంజనీరు, నా జవాబు కోసం ఎదురుచూసి చూసి, ఒకరోజు తనే విడమరిచి చెప్పేశాడు. నేను చెప్పేదానికంటే అది చిన్నగా ఉంది, తేటగా కూడా ఉంది.

మాట లేకపోతే కళ్లకి పని పెరుగుతుంది కాబోలు. హాల్లో కూర్చుంటే వంటిల్లు కనిపిస్తుంది. పిల్ల గడప దగ్గరకి వచ్చింది. అత్తగారు పొయ్యి దగ్గర్నుంచి పూర్తిగా దానివైపు తిరిగి, నిటారుగా నిలబడ్డారు. అంతే. గరిటె ఎత్తలేదు, అదిలించలేదు. పిల్ల ఆగిపోయింది. ఆవిడ మళ్లీ పొయ్యివైపు తిరగగానే అది గడపవతలే చతికిలబడింది. కాసేపటికి ఆవిడ బట్టల బకెట్టు తీసుకుని బాల్కనీవైపు నడిస్తే, పిల్ల లేచి ఆవిడ చీర కుచ్చిళ్ల పక్కనే, ఆవిడ అడుగుకి తన అడుగు సరిపెట్టుకుంటూ నడిచింది. ఆవిడ ఆగితే ఆగింది. తిరిగితే తిరిగింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఇది ఎన్నాళ్ల నుంచి జరుగుతోంది? నేను టెర్రస్ మీద చికెన్ ముక్కలు పట్టుకుని, గొంతు చించుకుని నేర్పించాలనుకుంటున్నది ఇదే కదా. ఫోన్‌లో గబగబా టైపు చేశాను: ‘అత్తయ్యా, అది మీ మాట ఎలా వింటోంది?’ తీసుకెళ్లి చూపించాను. ఆవిడ ఫోన్‌ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, తిరిగిచ్చేశారు.

“కళ్లజోడు లేదమ్మాయ్. గొంతొచ్చాక చెబుదువుగాని.”

ఆ ఆదివారం వెళ్లకూడదనే అనుకున్నాను. పిలవలేనిదాన్ని, వెళ్లి ఏం చేయను? కానీ ఆదివారం పొద్దున కారు తాళాల చప్పుడు వినగానే పిల్ల తలుపు దగ్గర నిలబడి వణకడం మొదలుపెట్టింది. మా ఆయన నడిపారు.

తెల్లాపూర్‌లో ఆ అమ్మాయికి నా ఫోన్ చూపించాను. ఆమె చదివి కనుబొమలు ఎగరేసింది.

“ఫికర్ చెయ్యకుండ్రి. గొంతు పోతే పోయె, కాళ్లున్నయ్ గద.”

పైపులు దాటించాం. పలక మీద నడిపించాం. తర్వాత ఆమె నీలం గొట్టాన్ని పూర్తిగా లాగి, వంపు తిప్పింది. నేను అలవాటుగా అవతలి చివరకి వెళ్లబోయాను. ఆమె నా భుజం పట్టుకుని ఆపింది.

“అటు కాదు. ఈడనే దాని పక్కకు నిలవడుండ్రి. అది లోపలికి పోంగనే గొట్టం పక్కపొంటి ఉరుకుండ్రి. ఎనకకు చూడొద్దు. చేతులు ఊపొద్దు. ఎటు పోవాల్నో అటు మొఖం పెట్టి ఉరుకుండ్రి.”

పరుగు అంటే, నేను చివరిసారి పరిగెత్తింది మెట్రో తలుపులు మూసుకుంటుంటే. సరేనని తలూపాను. పిల్లని గొట్టం ముందు పెట్టాను. అది తల వంచి లోపలికి దూరింది. నల్ల చెవి కనుమరుగయ్యింది. నేను పరిగెత్తాను. ఎర్రమట్టిలో బూట్లు జారుతున్నాయి. మెడ వెనక్కి తిరగడానికి లాగుతోంది, అలవాటైన మాటలన్నీ గొంతులో అడ్డుపడి ఉన్నాయి. పక్కన గుడ్డ గొట్టంలో పిల్ల గోళ్లు పరపరమంటున్న చప్పుడు వినబడింది. సగం దగ్గర ఆ చప్పుడు ఆగలేదు. నాకంటే ముందుకి వెళ్లింది. నేను చివరకి చేరేసరికి గొట్టం నోట్లోంచి గోధుమరంగు ముద్ద ఒకటి ఊడిపడి, నన్ను దాటి, ఇంకా పరిగెత్తి, ఒక గుండ్రం తిరిగి నా మోకాళ్ల మీదికి దూకింది.

మట్టిలో కూలబడిపోయాను. నవ్వు వస్తోంది, చప్పుడు రావడం లేదు. పిల్ల నా గడ్డం నాకుతోంది. వల అవతల మా ఆయన రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తున్నారు. చికెన్ ఇవ్వడం కూడా మరిచిపోయాను; ఆ అమ్మాయే వచ్చి దాని నోటికి అందించింది.

“కుక్కలకు మన మాటలు తర్వాత అక్కా,” అంది పక్కన కూర్చుంటూ. “మన భుజం ఎటున్నది, కాళ్లు ఎటు పోతున్నయ్, అది చూస్తయ్ ముందు. మీరు అవతల కూసోని ఎంత పిలిచినా, మీరు ఆగిన్రు గద, అందుకే అదీ ఆగుతుండె. మీరు పోతుంటే అదీ వస్తది. ఎనకవడుడు కుక్కకు ఇష్టం.”

ఈ మాట ముందే చెప్పలేకపోయావా అన్నట్టు చూశాను.

“మొదటి దినమే చెప్పిన,” అంది. “మీరు మాట్లాడుతుంటిరి.”

గొంతు మెల్లగా తిరిగొచ్చింది. బొడిపెలు పూర్తిగా పోలేదు, చిన్నవయ్యాయి. మాట్లాడడం నేర్పించే ఆవిడ దగ్గరకి కొన్నాళ్లు వెళ్లాను. నలభై ఏళ్లు దాటాక ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నేర్చుకోవడం తమాషాగానే ఉంది. ఆఫీసులో మీటింగులు మళ్లీ నేనే నడుపుతున్నాను గానీ, ఆ కుర్రవాడి మైకు ఇప్పుడు తరచూ తెరిచే ఉంటోంది. తెల్లాపూర్‌లో మాత్రం పెదవులు బిగించుకునే పరిగెత్తాను. వంపు తిరగాలంటే ముందే భుజం తిప్పాలి. పిల్ల అవతలివైపు మలుపు తీసుకోవాలంటే నేను దాని ముందు నుంచి దాటి వెళ్లాలి. ఇవన్నీ నాకు నేర్పడానికే ఎక్కువ కాలం పట్టింది. పిల్ల దారి తప్పిన ప్రతిసారీ ఆ అమ్మాయి, “మీ పాదం ఎటున్నదో చూసుకోండ్రి,” అనేది. ప్రతిసారీ నా పాదమే వేరేవైపు ఉండేది.

ఎండలు ముదరకముందు ఆమె తన దగ్గర నేర్చుకునే కుక్కలన్నింటికీ ఒక పోటీలాంటిది పెట్టింది. పోటీ అని పేరే గానీ గెలుపూ ఓటమీ లేవు. ఏడాది నిండని కుక్కలకి పైపులు నేల మీదే. పైపు, పైపు, గొట్టం, పలక, ఆఖరున ఇంకో పైపు. అత్తగారు కూడా వచ్చారు. వల పక్కన గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు, ఒళ్లో పులిహోర డబ్బాతో.

పిల్ల రెండు పైపులూ చక్కగా దాటింది. గొట్టంలోకి దూసుకుపోయి బాణంలా బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నేను పొంగిపోయి ఒక్క క్షణం గొట్టంవైపే తిరిగి నిలబడిపోయాను. పిల్ల నన్ను చూసింది, గొట్టాన్ని చూసింది, మళ్లీ దూరిపోయింది. వచ్చిన దారినే వెనక్కి. అటు వైపు బయటపడి, మళ్లీ ఇటు. చుట్టూ ఒకటే నవ్వులు.

“ఏవిటమ్మాయ్,” అని అత్తగారి గొంతు వల అవతలి నుంచి వినబడింది, “ఇన్నాళ్లూ లోపలికి పోనంటోందన్నావు, ఇప్పుడు బయటికి రానంటోందేం?”

అప్పటికి తేరుకుని పలకవైపు తిరిగి పరిగెత్తాను. పిల్ల గొట్టంలోంచి ఊడిపడి నా వెంట పడింది. పలక ఎక్కింది, దిగింది, ఆఖరి పైపు దాటింది. అందరికంటే ఎక్కువసేపు తీసుకున్నది మేమే. మా ఆయన తీసిన వీడియోలో సగం ఆయన బొటనవేలే ఉంది. అత్తగారు పులిహోర అందరికీ పంచారు. నేర్పించే అమ్మాయి రెండోసారి పెట్టించుకుని తిని, “అమ్మా, మీరు ప్రతి ఆదివారం రావాలె,” అంది. పులిహోర కోసమేనని ఆవిడకి తెలుసు, అయినా మొహం విచ్చుకుంది.

ఎండాకాలం నేల కాలిపోతుందని తరగతులు ఆపేశారు. వానలు పడ్డాక మళ్లీ మొదలయ్యాయి. పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి, కాళ్ల ఎముకలు గట్టిపడ్డాయని చెప్పాడు. ఇప్పుడు పైపులు నేల మీంచి లేచాయి. మొదటిసారి పిల్ల నిజంగా గాల్లోకి లేచి దాటినప్పుడు నేను ఫోటో తీయలేకపోయాను, పక్కన పరిగెడుతున్నాను కాబట్టి.

ప్రస్తుతం మా గొడవంతా పిల్లల పార్కులో ఒకవైపు దిగితే రెండోవైపు లేచే ఊగుడు బల్లలాంటి పలకతో. కుక్క ఒక చివర ఎక్కి నడుస్తూ మధ్య దాటితే, అవతలి చివర దిగి నేలకి కొట్టుకుంటుంది. ఆ ధన్‌మన్న చప్పుడుకి పిల్ల హడలిపోతోంది. చప్పుడు తగ్గించడానికి కింద మెత్తటిదేదైనా వేయాలని ఆ అమ్మాయి అంటే, అత్తగారు అటక మీంచి పాత బొంత ఒకటి దింపి ఇచ్చారు. పోయిన ఆదివారం పిల్లని ఎక్కించలేదు. పలక చివర ముక్క పెట్టి ఊరుకున్నాం. అది ఒక కాలు వేసింది. పలక కొంచెం కదిలింది. ఎగిరి వల దాకా పారిపోయింది. మేమెవరం పిలవలేదు. కాసేపు అక్కడ మట్టి వాసన చూస్తూ తిరిగి, తనంతట తనే వచ్చి, మెడ చాచి, కాళ్లు దూరంగానే ఉంచి, ముక్క అందుకుంది.

“ఈ రోజుకు చాలు అక్కా,” అంది ఆ అమ్మాయి. బొంత దులిపి కారు డిక్కీలో పడేసి ఇంటికి బయల్దేరాం.